పాత జిప్సీ 60 దాటితే స్టీరింగ్ ఊగుతోంది: ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, సామాను ఎక్కడ దొరుకుతుంది?

ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి ఉపయోగపడుతుంది. అడిగినాయనది ఖమ్మం వైపు. 1999 మోడల్ మారుతి జిప్సీ కింగ్, కార్బురేటర్ బండి, ఈ మధ్యే కొన్నారు. 60 దాటాక చిన్న గుంతలో పడినా స్టీరింగ్ చేతుల్లో గడగడా ఊగిపోతోంది, బండి ఆపేదాకా తగ్గట్లేదు. ముందు ఎడమ చక్రం లోపలి వైపు నల్లటి జిడ్డు కారుతోంది. ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు లాగట్లేదు. మెకానిక్ ఏమో స్టీరింగ్ బాక్స్ మార్చాలి, ముందు హౌసింగ్ (ముందు రెండు చక్రాల మధ్య ఉండే యాక్సిల్ గొట్టం) మొత్తం పాతది ఇంకోటి తెచ్చి వేసేద్దాం అన్నాడట. కంపెనీ బండే ఆపేసింది కదా, సామాను దొరుకుతుందా, నేనే చేసుకోగలనా అని ఆయన అనుమానం.

సూటిగా చెప్తాను. స్టీరింగ్ బాక్స్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, హౌసింగ్ అసలు మార్చకండి. మీరు చెప్పిన మొదటి రెండు బాధలూ నూటికి తొంభై పాళ్లు ఒకే చోటి నుంచి వస్తున్నాయి, అది ముందు చక్రం వెనక ఉండే నకిల్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రంతో పాటు తిరిగే ఇనప భాగం. కింగ్ పిన్ (నకిల్ తిరగడానికి ఆధారమయ్యే పిన్ను) బేరింగులు, నకిల్ సీళ్లు, యాక్సిల్ లోపలి ఆయిల్ సీలు, అవసరమైతే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివర ఉండే కీళ్లు), ఇంతే పని. అన్నీ దొరికే సామానే. పానాలు పట్టుకోవడం వచ్చి, కాస్త ఓపిక ఉంటే ఇంటి ముందు చెట్టు కింద చేసుకోవచ్చు. మూడోది, అదే ఫోర్ వీల్ సంగతి, చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది, దాని గురించి కింద రాస్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మారుతి సామాను అమ్మే కౌంటర్ వెనక చాలా ఏళ్లు నిలబడ్డవాణ్ణి. ఇప్పుడు ఆ పని మానేశాను కానీ నా జిప్సీ పని మాత్రం నేనే చేసుకుంటాను, నూజివీడు మామిడి తోటల వాళ్ల బండ్లు కూడా అడపాదడపా చూస్తుంటాను. కౌంటర్ దగ్గర నేను రోజూ చూసింది ఒక్కటే: జనం సామాను పేరు చెప్పి కొనుక్కెళ్తారు, వారం తర్వాత తిరిగొచ్చి ఇంకో సామాను పేరు చెప్తారు. ఎక్కడ లూజు ఉందో చూడకుండానే కొంటారు కాబట్టి అలా జరుగుతుంది. అందుకే ముందు చూడటం గురించి రాస్తాను, కొనడం తర్వాత.

లూజు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

బండిని గట్టి నేల మీద పెట్టండి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్మకండి. ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి లేపి, వెంటనే స్టాండు మీదకి దించండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టే వాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. స్టాండ్లు లేకపోతే లారీ షెడ్డులో మందపాటి చెక్క దిమ్మెలు అడగండి, ఇస్తారు.

ఇప్పుడు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్‌టక్ అని కదిలితే లూజు ఉన్నట్టే. అయితే అది వీల్ బేరింగుదా, కింగ్ పిన్‌దా? ఇక్కడే చాలామంది మెకానిక్‌లు కూడా ఊహ మీద పోతారు. లోపల ఇంకొకరిని కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచమనండి, మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కాక లూజు పోయిందంటే వీల్ బేరింగు, బ్రేక్ తొక్కినా అలాగే ఉందంటే కింగ్ పిన్ బేరింగు. కారణం చాలా సింపుల్. కింగ్‌లో ముందు డిస్క్ బ్రేకులు, బ్రేక్ పడగానే డిస్కుని క్యాలిపర్ పట్టుకుంటుంది, ఆ క్యాలిపర్ నకిల్‌కే బిగించి ఉంటుంది, అంటే హబ్బూ నకిలూ ఒకటైపోతాయి, మధ్యలో ఉన్న వీల్ బేరింగు లూజు కనపడదు. అయినా కదులుతోందంటే నకిలే కదులుతోందన్నమాట. టార్చి వేసి నకిల్ వెనక చూస్తే ఆ కదలిక కంటికి కూడా తెలుస్తుంది, గుండ్రంగా మెరిసే బంతికీ దాని చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటుంది.

తర్వాత చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. ఇందులో కదిలితే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు. రెండు చక్రాలూ నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ని కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే మీరు ఒక్కో ఎండ్ మీద వేళ్లు పెట్టి చూడండి. అరిగిపోయినది వేలికి టక్ మని తగులుతుంది. అన్నీ బాగుండి, బాక్స్‌లోకి వెళ్లే రాడ్ తిరుగుతున్నా కిందకొచ్చే ఆర్మ్ ఆలస్యంగా కదులుతుంటే అప్పుడు మాత్రమే బాక్స్ మీద అనుమానపడాలి. అప్పుడైనా ముందు దాని బోల్టులు చాసిస్‌కి గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. పాడేరు నుంచి ఒకాయన బాక్స్ కొనడానికి కొట్టుకి వచ్చారు, బండి అక్కడే ఉంది కదా అని చూస్తే బాక్స్ బ్రాకెట్ దగ్గర చాసిస్‌లో సన్నటి బీట. కొత్త బాక్స్ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కి ఉంటే ఏమయ్యేదో!

ఊగుడికి టైర్లు కూడా కారణమే, కాదనను. బ్యాలెన్సింగ్ లేకపోయినా, రెండు వైపులా గాలి తేడాగా ఉన్నా ఊపు మొదలవుతుంది. కానీ మొదలైన ఊపు ఆగకుండా పెరిగిపోతోందంటే ఎక్కడో లూజు ఉండబట్టే. ఇంకో సంగతి, ఎవరైనా 'కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే పోతుంది సార్' అంటారు. డ్యాంపర్ అంటే స్టీరింగ్ కుదుపుల్ని అణిచే షాక్ అబ్జార్బర్. నిజమే, పోతుంది, కొన్నాళ్లు. కింగ్ పిన్ అరుగుతూనే ఉంటుంది, డ్యాంపర్ దాన్ని దాచిపెడుతుంది అంతే. పాత బండి అమ్మేవాళ్లు కూడా అమ్మే ముందు వేసే మందు అదే, మీ బండికి డ్యాంపర్ కొత్తగా నిగనిగలాడుతోందేమో ఒకసారి చూడండి. ముందు వైపు పొడవాటి షాకిళ్లు (కమాన్ చివరని చాసిస్‌కి తగిలించే లింకులు) వేసి ఎత్తు పెంచి ఉంటే క్యాస్టర్ కోణం, అంటే కింగ్ పిన్లు వెనక్కి వాలి ఉండే కోణం, మారిపోయి కూడా ఊగుతుంది, అలాంటివి ఉంటే తీసి పాతవే వేయండి.

కారేది గ్రీజా, ఆయిలా?

జిడ్డుని వేలికి రాసుకుని చూడండి. చిక్కగా, ముద్దగా ఉంటే నకిల్ వెనక ఉండే పెద్ద రబ్బరు సీలు, ఫెల్టు పోయాయి. పల్చగా, జారుతూ, గేర్ ఆయిల్ కంపు కొడుతుంటే అసలు దొంగ లోపల ఉన్నాడు. యాక్సిల్ గొట్టం చివర ఉండే చిన్న ఆయిల్ సీలు తెగి, డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించి బయటికి తోస్తోంది. మీరు 'కారుతోంది' అని రాశారు కాబట్టి మీది రెండోదే అనుకుంటున్నాను. ఈ కేసులో బయటి సీలు ఒక్కటే మారిస్తే నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొస్తుంది.

సీలు మార్చే ముందు హౌసింగ్ మీద ఉండే బ్రీదర్ ఒకసారి చూడండి. బురదతో పూడుకుపోయి ఉంటే లోపల వేడికి గాలి బయటికి పోయే దారి లేక ఆయిల్‌ని సీళ్ల మీదకి నెడుతుంది. దాన్ని పెట్రోలుతో కడిగి గాలి కొట్టించండి. పొలం బండ్లకి ఇది మామూలే, వాగులు దాటినప్పుడల్లా బురద చేరుతుంది. డిఫరెన్షియల్ ఆయిల్ తీసినప్పుడు కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని అర్థం, ఆయిల్ మార్చాల్సిందే.

నకిల్ పని ఎలా చేయాలి

ప్రతి బోల్టూ రాయను, సుజుకి ఎస్‌జే413 వర్క్‌షాప్ మాన్యువల్ వెతికితే దొరుకుతుంది, జిప్సీ కింగ్ ముందు భాగానికి అది పనికొస్తుంది. చాలామంది తప్పుదారి పట్టే చోట్లు మాత్రం చెప్తాను.

క్యాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ పైపుకి వేలాడనివ్వకండి, తీగతో కమాన్ కట్టకి కట్టేయండి. హబ్ లోపలి నట్టుకి ప్రత్యేకమైన సాకెట్ కావాలి. అది లేక ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పే అలవాటు మన షెడ్లలో బాగా ఉంది, అందుకే పాత బండ్లలో ఆ నట్టు అంచులు కుక్క కొరికినట్టు ఉంటాయి. నట్టు కొలత తీసుకుని లేత్ వాడి దగ్గర మందపాటి పైపుకి పళ్లు కోయించుకోండి, జీవితాంతం పనికొస్తుంది. బిగించేటప్పుడు బేరింగు ప్రీలోడ్ (బేరింగుకి ఉండాల్సిన బిగువు) సరిగ్గా రావాలంటే కూడా ఆ సాకెట్టే దిక్కు.

యాక్సిల్ షాఫ్టుని బయటికి లాగేటప్పుడు వంకర పోకుండా సూటిగా లాగండి, కొత్త ఆయిల్ సీలు వేశాక తిరిగి పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. షాఫ్టు బరువు సీలు పెదవి మీద పడితే కొత్త సీలు ఆ క్షణమే తెగుతుంది, బండి దించాక గానీ తెలియదు. సీలు పెదవికి గ్రీజు రాసి, ఒక చేత్తో షాఫ్టు మధ్యలో ఎత్తి పట్టుకుని, మెల్లగా తిప్పుతూ పళ్లు కలిసేదాకా తోయాలి.

కింగ్ పిన్లు పైదీ కిందదీ, ఎడమదీ కుడిదీ కలిపేయొద్దు. వాటి కింద పల్చటి రేకుల్లాంటి షిమ్ములు ఉంటాయి. దేని కింద ఎన్ని ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఒక్కోదాన్నీ వేరే డబ్బాలో వేయండి. బేరింగు మార్చినప్పుడు దాని కప్పు, అంటే హౌసింగ్ బంతిలో దిగి ఉండే బయటి రింగు, అది కూడా మార్చాలి. 'కప్పు బాగానే ఉంది సార్' అని పాత కప్పులో కొత్త బేరింగు పెడతారు. గోటితో గీరి చూడండి, రోలర్లు నొక్కుకున్న గాట్లు గోటికి తగులుతాయి. చక్రాలు ఎక్కువసేపు సూటిగానే ఉంటాయి కాబట్టి అరుగుదల అంతా ఒకేచోట పడుతుంది.

ఇక అసలు విషయం. సీళ్లూ షాఫ్టూ ఇంకా పెట్టకముందే, కింగ్ పిన్లు బిగించాక, నకిల్ ఎంత బిగువుగా తిరుగుతోందో కొలవాలి. టై రాడ్ ఎండ్ కూర్చునే రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగండి. సంతలో చేపలు తూచే కొక్కెం త్రాసు చాలు. సుమారు కేజీ నుంచి కేజీ ఎనిమిది వందల గ్రాముల లోపు లాగితే నకిల్ కదలడం మొదలవ్వాలి. ఊరికే జారిపోతుంటే ఒక షిమ్ము తీయండి, మరీ బిగువుగా ఉంటే ఒకటి కలపండి. ఈ కొలత చూడకుండా పాత షిమ్ములే పెట్టి బిగించేస్తే కొత్త బేరింగులు వేసినా ఊగుడు పోదు. 'కింగ్ పిన్ మార్పించా, అయినా తగ్గలేదు' అని నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి ఇదే జబ్బు.

సీవీ జాయింటు (చక్రం పక్కకి తిరిగినా శక్తిని అందించే నకిల్ లోపలి జాయింటు) లోపలికి మోలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు, వీల్ బేరింగుకి లిథియం బేరింగు గ్రీజు. పాత గ్రీజంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో ఆరబెట్టి, అప్పుడే కొత్తది పెట్టండి. టై రాడ్ ఎండ్ నట్లకి పాత స్ప్లిట్ పిన్నులు మళ్లీ వాడకండి, అవి రెండు మూడు రూపాయల వస్తువులు.

అంతా అయ్యాక అలైన్‌మెంట్ కొట్టుకి వెళ్తే 'క్యాంబర్, క్యాస్టర్ కూడా చేస్తాం' అంటారేమో. ముందు వైపు ఒకే మొద్దు యాక్సిల్ ఉన్న బండి ఇది, సర్దేది టో-ఇన్ ఒక్కటే, అంటే ముందు చక్రాలు ముందు వైపు లోపలికి ఎంత వాలి ఉన్నాయో ఆ కొలత. దానికే డబ్బులివ్వండి.

ఫోర్ వీల్ పడట్లేదంటే

ముందు చక్రాల హబ్బుల మధ్యలో తిప్పే బిళ్ల ఉందేమో చూడండి, దాని మీద 'ఫ్రీ', 'లాక్' అని రాసి ఉంటుంది. రెండు వైపులా లాక్‌లో పెట్టాలి, ఒకవైపు మాత్రమే పెడితే శక్తంతా ఖాళీగా ఉన్న వైపు తిరిగిపోతుంది, బండి లాగదు. కొత్తగా జిప్సీ కొన్నవాళ్లలో సగం మందికి ఈ బిళ్ల సంగతే తెలీదు. లాక్‌లో పెట్టాక లివర్ టూ వీల్‌లో ఉంచి, ఒక ముందు చక్రాన్ని లేపి చేత్తో తిప్పండి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ముందు యాక్సిల్‌కి శక్తి తెచ్చే పొడవాటి కడ్డీ) తిరగాలి. తిరక్కపోతే ఆ హబ్బులో ఎండిపోయిన గ్రీజు గట్టిపడి ఉంటుంది. విప్పి కడిగి పల్చగా గ్రీజు పెడితే చాలావరకు పని చేస్తుంది.

హబ్బులు బాగుండి కూడా లివర్ పడట్లేదంటే, లేదా 4ఎల్‌లో (ఫోర్ వీల్ లో గేరులో) పెట్టి ఎత్తు ఎక్కుతుంటే లివర్ బయటికి ఎగిరిపోతోందంటే, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె) రబ్బరు మౌంటింగులు చూడండి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ బాక్సుకి అతుక్కుని ఉండదు, విడిగా చాసిస్‌కి రబ్బర్ల మీద వేలాడుతుంటుంది, మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. రబ్బర్లు చచ్చిపోతే లోడు పడినప్పుడు కేసు మొత్తం మెలిక తిరిగి లివర్‌ని తోసేస్తుంది. రబ్బర్లు మార్చాల్సిన చోట కేసు ఊడదీసి గేర్లు మార్చిన బిల్లులు నేను చూశాను.

పరీక్ష చేసేది మట్టి రోడ్డు మీదే. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పకండి. ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి లోపల అంతా బిగుసుకుపోతుంది, లివర్ వెనక్కి రాక టెన్షన్ పడతారు.

సామాను ఎక్కడ, ఎలా కొనాలి

మారుతి 1985 చివర్లో జిప్సీ తెచ్చింది, మామూలు జనానికి 2019లో ఆపేసింది. కానీ సైన్యంలో, పోలీసుల దగ్గర, అడవి శాఖల్లో, కొండ రాష్ట్రాల్లో ఇవి ఎన్ని తిరిగాయో తెలుసు కదా, అరిగే సామాను తయారయ్యేది ఇప్పటికీ తయారవుతూనే ఉంది. కష్టమల్లా బాడీ సామానుకీ, లోపలి ప్లాస్టిక్కుకీ.

పేరు చెప్పి కొనకండి, నంబరు చెప్పి కొనండి. మారుతి సామానుకి అయిదంకెలు, మళ్లీ అయిదంకెలు ఉండే నంబరు ఉంటుంది. పార్ట్స్ క్యాటలాగులో మీ చాసిస్‌కి తగ్గట్టు చూడాలి, ఎందుకంటే 970 సీసీ ఎంజీ410కీ, 1298 సీసీ ఎంజీ413డబ్ల్యూకీ, తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐకీ (కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉన్న బండి) చాలా తేడాలున్నాయి. 'జిప్సీ టై రాడ్ ఎండ్' అంటే కౌంటర్ కుర్రాడు చేతికందింది ఇస్తాడు. ఒక చిట్కా చెప్తాను: 09తో మొదలయ్యే నంబర్లు బేరింగులు, ఆయిల్ సీళ్లు, ఓ-రింగులు, బోల్టుల లాంటి స్టాండర్డ్ సామానువి. అలాంటివి మారుతి పెట్టెలో దొరక్కపోయినా ఫరవాలేదు. పాత బేరింగు అంచు మీద దాని అంతర్జాతీయ నంబరు చెక్కి ఉంటుంది, ఆయిల్ సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో రాసి ఉంటాయి. కడిగి, ఫొటో తీసి, మారుతి కొట్టుకి కాకుండా బేరింగుల కొట్టుకి పోండి. ఎన్‌బీసీ, ఎస్‌కేఎఫ్, టిమ్‌కెన్, కోయో, ఏదో ఒకటి దొరుకుతుంది. నకిల్ వెనక ఉండే పెద్ద సీలు, ఫెల్టు సెట్టు మాత్రం జిప్సీకే ప్రత్యేకం, అది కంపెనీ నంబరుతోనే అడగాలి.

మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ ఉంది, హైదరాబాద్ వైపు వెళ్తే సికింద్రాబాద్ రాణిగంజ్. కొత్త సామానుకి ఈ రెండూ చాలు. దొరకనివి ఉంటే బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేటు. పాత బండ్లు విప్పిన సామానుకైతే పుదుపేట, ఢిల్లీ మాయాపురి. ఫోన్‌లో మాట్లాడి, వస్తువు ఫొటోతో పాటు దాని మీద నంబరు దగ్గరగా తీసి పంపమని అడిగి, అప్పుడు డబ్బు వేయండి. చాలామందికి తట్టని చోటు ఇంకోటుంది, ఉత్తరాఖండ్‌లో రామ్‌నగర్. జిమ్ కార్బెట్ అడవికి వెళ్లే ఊరు. అక్కడ సఫారీకి తిరిగేవి ఎక్కువగా జిప్సీలే, రోజూ అడవి దారుల్లో తిరిగి రోజూ బాగుపడాల్సిన బండ్లు. కమాన్లు, షాకిల్ బుష్షులు, టాపు సామాను అక్కడ అడిగి చూడటం దండగ కాదు.

మీ వాళ్లెవరైనా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇంకో దారి. అక్కడ ఇదే కుటుంబం బండి సమురాయ్ అనో సియెరా అనో అమ్మారు, ఇప్పటికీ ముద్దుగా చూసుకునేవాళ్లున్నారు, నకిల్ రీబిల్డ్ కిట్ అని సీళ్లూ బేరింగులూ కలిపి ఒకే పెట్టెలో అమ్ముతారు. చిన్న పెట్టె, సెలవులకి వచ్చేటప్పుడు పచ్చళ్లకి బదులు తెమ్మనండి. మన జిప్సీ పొడవు వీల్ బేస్ బండి, వాళ్లది పొట్టిది, అందుకని బాడీ, ప్రొపెల్లర్ షాఫ్టులు కలవవు. సీళ్లు, బేరింగులు తెప్పించే ముందు నంబర్లు పోల్చి చూసుకోండి. కొత్త జిమ్నీ సామాను దీనికి వస్తుందా అని కూడా చాలామంది అడుగుతుంటారు. రాదు. దానికి కమాన్లే లేవు, కాయిల్ స్ప్రింగులు. ఇంజిన్ వైపు మాత్రం మీకు ఇంకో చుట్టం ఉంది. పాత ఎస్టీమ్‌ది ఇదే జీ13 కుటుంబం ఇంజిన్, తుక్కు కొట్లలో జిప్సీ ఇంజిన్ సామాను లేదంటే ఎస్టీమ్‌ది అడగండి. దానిలో ఇంజిన్ అడ్డంగా, మీదాంట్లో నిలువుగా ఉంటుంది కాబట్టి సంపు, మౌంటింగుల లాంటివి కలవవు, లోపలి సామానులో చాలా కలుస్తాయి.

నకిలీల సంగతి. 'కంపెనీదే సార్, పెట్టె లేదంతే' అనే మాట వినపడిందా, బయటికి నడవండి. పెట్టె ఉన్నా సరే, రబ్బరు సీలుని వేళ్లతో వంచి చూడండి, పెదవి వెనక సన్నటి స్ప్రింగు తీగ సమంగా ఉండాలి, రబ్బరు అచ్చు అంచులు పిసరు పిసరుగా వేలాడకూడదు. టై రాడ్ ఎండ్ చేత్తో తిప్పితే బిగువుగా, ఒకే తీరుగా తిరగాలి. కొత్తదే కొట్టులో లూజుగా ఊగుతుంటే రోడ్డు మీద ఎలా ఉంటుంది?

సెకండ్ హ్యాండ్ ఏవి కొనొచ్చు? తలుపులు, బానెట్, విండ్ షీల్డ్ ఫ్రేము, సీట్లు, హౌసింగ్ గొట్టం, ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్ బాక్సు. వీటిని చూసి కొనొచ్చు. బ్రేక్ సామాను, స్టీరింగ్ లింకులు, రబ్బరు వస్తువులు, బేరింగులు పాతవి ఉచితంగా ఇచ్చినా వద్దు. మీ మెకానిక్ చెప్పిన పాత హౌసింగ్ తెచ్చారే అనుకోండి, దాని కింగ్ పిన్ బేరింగులు మీ వాటికంటే బాగుంటాయని ఎవరు చెప్పొచ్చారు? ఎవరి క్రౌన్-పీనియనో (డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత), ఏ రేషియోనో కూడా తెలీదు. వెనకదానికీ ముందుదానికీ రేషియో కలవకపోతే ఫోర్ వీల్ వేసిన రోజే ట్రాన్స్‌ఫర్ కేసు గోల మొదలవుతుంది.

లేత్ గురించి ఒక మాట. మన ఆటోనగర్ లేత్ వాళ్ల చేతిలో పని ఉంది, సందేహం లేదు. హబ్ సాకెట్, కమాన్ బుష్షు గొట్టాలు, మర పోయిన చోట స్లీవు, ఇవన్నీ బ్రహ్మాండంగా చేస్తారు. కానీ కింగ్ పిన్, స్పిండిల్, స్టీరింగ్ ఆర్మ్ లేత్ మీద చేయించకండి. కొలత అచ్చు గుద్దినట్టు వస్తుంది, కాదనను, అయితే ఆ ఇనుముకి కంపెనీ చేసిన హీట్ ట్రీట్‌మెంట్ ఉండదు. మెత్తటిదైతే అరుగుతుంది, తెలిసీ తెలియక కాల్చి నీళ్లలో ముంచితే పెళుసెక్కి విరుగుతుంది. స్టీరింగ్‌లో విరగడం అంటే ఏంటో నేను వివరించక్కర్లేదు.

మీరు చేయకూడని పనులు

క్రౌన్-పీనియన్ సెట్టింగు, గేర్ బాక్సు లోపలి పని, చాసిస్ వెల్డింగు. మొదటి రెండిటికీ డయల్ గేజీ, అనుభవం కావాలి. చాసిస్‌కి ఇంకా ముందు తుప్పు ఎంతుందో చూడాలి. వెనక కమాన్ షాకిల్ తగిలే చోట, బాడీ మౌంటింగుల చుట్టూ, డ్రైవర్ కాళ్ల కింద మ్యాటు తీసి, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచిదే, డబ్ మంటే లోపల పొరలు పొరలుగా లేస్తోంది. కాకినాడ, బందరు వైపు తిరిగిన బండైతే ఇది ముందే చూడాల్సింది.

మీరు అడగలేదు కానీ, కార్బురేటర్ బండి కాబట్టి చెప్తున్నా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1999 నాటి రబ్బరు పైపులు, కార్బురేటర్ ప్యాకింగులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, మెత్తబడి చెమర్చుతాయి. ట్యాంకు దగ్గర నుంచి కార్బురేటర్ దాకా పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి ఒకేసారి మార్చేయండి, ఖర్చు తక్కువ, ఇంజిన్ గదిలో నిప్పు భయం ఉండదు. వారాల తరబడి కదలని బండైతే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, కార్బురేటర్‌కి ముందు ఫిల్టరు అప్పుడప్పుడు విప్పి చూసుకుంటూ ఉండండి.

కాగితాలు. 15 ఏళ్లు దాటిన కారుకి ఆర్సీ రెన్యువల్ కేంద్ర ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు చేశారు, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10 వేలకి పెంచారు. గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. రెన్యువల్‌కి బండి చూపించాలి, ముందు పెద్ద ఇనప గార్డులు బిగించి ఉంటే తీసేసి వెళ్లండి. పాత ఆర్మీ బండి కదా అని ఆలివ్ గ్రీన్ రంగు అలాగే ఉంచుకుందామనుకుంటారు కొందరు. మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే, మనకి కుదరదు. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పాత పెట్రోలు బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి జిప్సీలు చవగ్గా ఇటు వస్తున్నాయి, మీది అలాంటిదైతే ఎన్‌ఓసీ, చాసిస్ నంబరు రెండూ ఇప్పుడే సరిచూసుకోండి, పని మీద డబ్బు పెట్టాక కాదు.

పని వరస ఇలా పెట్టుకోండి: ముందు చక్రం ఊపి చూడటం, హబ్ బిళ్లలు, బ్రీదర్. ఆ తర్వాత ఎడమ వైపు నకిల్ ఒక్కటే విప్పి, కడిగి, బేరింగులూ సీళ్ల నంబర్లు రాసుకుని, రెండు వైపులకీ కలిపి ఒకేసారి తెచ్చుకోండి. రెండు నకిళ్లూ ఒకేసారి విప్పి కూర్చోకండి, ఏది ఎలా ఉండేదో మర్చిపోతే చూసుకోవడానికి రెండో వైపు చెక్కు చెదరకుండా ఉండాలి. బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ జాకీ ఎక్కించి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కొత్త బేరింగులు సర్దుకుని కొంచెం లూజు రావచ్చు, అప్పుడు ఒక షిమ్ము తీయాల్సి రావచ్చు. అదే సమయంలో కమాన్ కట్టల యూ-బోల్టులు కూడా మళ్లీ బిగించండి. బ్రేక్ తొక్కినప్పుడూ తొక్కనప్పుడూ లూజు ఎలా ఉందో, మీ సీలు మీద ఏ అంకెలున్నాయో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.